ఇసుకలో వేసిన గట్టు

దమ్మామ్ నుంచి, శుక్రవారం పొద్దున.

అక్కకు,

తమ్ముడు రాజేశం దండం పెట్టి రాసుకునేది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను, నా గురించి రంది పెట్టుకోకు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మీ అత్తకు కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఆనుతోందా? శ్రావణి పరీక్షలకు చదువుతోందా, ఫోన్ పట్టుకుని కూర్చుంటోందా? పసుపు తవ్వడానికి మనుషులు దొరికారా? అప్పుడప్పుడు మా ఇంటికి పోయి సుజాతను పలకరిస్తున్నావని ఆమే చెప్పింది. నువ్వు ఉన్నావనే ధైర్యంతో నేను ఇక్కడ ఉంటున్నాను.

ఈ ఉత్తరం నీకు బావ చేతుల మీదుగానే అందుతుంది. శ్రావణికి కొన్న గడియారం డబ్బా కింద పెట్టాను. "అక్కకు నాలుగు ముక్కలు రాసిన, ఇయ్యి బావా" అని చెప్పాను. ఆయనకు చదువు రాదు, లోపల ఏముందని అడగనూ లేదు. ఫోన్‌లో చెబుదామంటే, నీ ఫోన్ మోగగానే మీ అత్త, శ్రావణి, పక్కింటివాళ్ళు అందరూ చుట్టూ చేరతారు. ఇది నువ్వు ఒక్కదానివే తెలుసుకోవలసిన సంగతి. ఎవరూ లేనప్పుడు కూర్చుని నిమ్మళంగా చదువు.

బావ సెలవు మీద రావడం లేదు అక్కా. ఎగ్జిట్ మీద వస్తున్నాడు. అంటే మళ్ళీ ఇక్కడికి రాడు. ఎందుకు వచ్చావని నువ్వు అడిగితే ఆయన ఒక కారణం చెప్తాడు. అది అబద్ధం. అసలు కారణం నేను. ముందు నుంచి రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

మేం చేసే పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "బండ్ల దగ్గర పని" అంటే నువ్వు లారీలు అనుకున్నావు. లారీలు కావు. దమ్మామ్ నుంచి గంట దూరంలో సముద్రం పక్కన పెద్ద పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. చలికాలం వస్తే ఇక్కడి జనం గుడారాలు వేసుకుని అక్కడే ఉంటారు. వాళ్ళు సరదాగా నడపడానికి నాలుగు లావు చక్రాల మోటార్ సైకిళ్ళు కిరాయికి ఇస్తారు. దబ్బాబ్ అంటారు వాటిని. మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. దిబ్బల మధ్య చుట్టూ తిరిగి వచ్చే దారి ఒకటి పెట్టాడు. పక్కల తాడు కట్టి, జెండాలు పాతి, ఇటు నుంచే పోవాలని బాణం గుర్తులు రాసి పెట్టాం. మనుషులు డబ్బులిచ్చి ఎక్కుతారు, కేకలు పెట్టుకుంటూ తిరుగుతారు, ఎక్కిన చోటే మళ్ళీ దిగుతారు. మొదటిసారి చూసినప్పుడు బావతో "గానుగెద్దుకు కూడా ఇంత సంబరం ఉండదు" అన్నాను. రోజంతా నవ్వాడు.

ఆ దారిని చదును చేయడమే మా ఇద్దరి పని. ఇసుక దారి తారు రోడ్డు లాంటిది కాదు. ఒక్క సాయంత్రం బండ్లు తిరిగితే గతుకులు పడి, కూర్చున్నవాడి నడుము విరుగుతుంది. గాలి వస్తే సగం దారి కప్పుకుపోతుంది, జెండాల మొనలు మాత్రం కనిపిస్తాయి. అందుకని రోజూ తెల్లవారుజామున, మంచు పడి ఇసుక కాస్త తడిగా ఉన్నప్పుడే, పాత పికప్ వెనక ఒక ఇనుప దూలం గొలుసులతో కట్టి లాగుతాం. నేను పికప్ నడుపుతాను. బావ దూలం మీద నిలబడతాడు. బరువు లేకపోతే దూలం ఇసుక మీద ఎగురుతుంది తప్ప గతుకు కొయ్యదు. నాట్లకు ముందు బురద మడిలో చెక్క మీద నిలబడి ఎడ్లను తోలేవాడు చూడు, అచ్చం అలాగే. ఒక చేత్తో తాడు పట్టుకుని, ముక్కుకు తువ్వాల కట్టుకుని, గంటన్నర సేపు ఆ దుమ్ములో నిలబడతాడు. ఆయన దగ్గు అక్కడ పట్టుకున్నదే.

ఈ ఏడు చలికాలంలో వానలు బాగా పడ్డాయి. వాన పడితే మనం ఇంట్లో కూర్చుంటాం. వీళ్ళు వాన పడితే ఇంట్లో ఉండరు. చినుకు రాలడమే ఆలస్యం, పిల్లాజెల్లాతో, చాయ్ ఫ్లాస్కులతో ఎడారికి వచ్చేస్తారు. తడిసిన ఇసుక గట్టిపడుతుంది కాబట్టి బండి నడపడమూ తేలిక. గురువారం మధ్యాహ్నం మొదలైతే శనివారం పొద్దుగూకే దాకా ఊపిరి ఆడదు. రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. దారిలో ముందు పోయేవాడు ఆగితే వెనక పది బండ్లు ఆగుతాయి. బాణం గుర్తు ఒకవైపు చూపిస్తే ఎవడో ఒకడు తప్పకుండా రెండోవైపు నుంచి వస్తాడు. మేం దిబ్బ కొనల మీద నిలబడి చేతులూపుతూ అరుస్తూనే ఉంటాం. సాయంత్రానికి గొంతు ఉండదు. అన్నం వండుకోవడానికి ఓపిక లేక, ఖుబూస్ రొట్టె ముక్కలు పప్పులో ముంచుకుని తిని పడుకుంటాం. మూడు నెలలుగా ఇదే తిండి అక్కా. నాలుక చచ్చిపోయింది.

పని ఎక్కువైందని కఫీల్ చేతిలో ఏమైనా మిగిలిందా అంటే అదీ లేదు. దారి పెట్టుకోవడానికి రుఖ్సా అనే అనుమతి కాగితం కావాలి. ఈ ఏడు దాని ఫీజు పెంచారు, షరతులూ పెంచారు. దారి రోజూ చదునుగా ఉండాలి, గుడారాల వైపు బండ్లు పోకూడదు, ఎక్కడా నీళ్ళు నిలవకూడదు. టిక్కెట్లు ఇచ్చే చోట వాళ్ళ దేశం మనిషే కూర్చోవాలి. ఆ మనిషిని పెట్టుకోకపోతే నితాఖాత్ లెక్కలో, అంటే ఎంతమంది సొంత దేశంవాళ్ళకు పని ఇచ్చారని సర్కారు చూసే లెక్కలో, ఎర్ర రంగు పడుతుంది, మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మా ఇద్దరి తలల మీద లెవీ ఒకటి. పరాయి దేశపు పనివాణ్ణి పెట్టుకున్నందుకు కఫీల్ సర్కారుకు కట్టే పన్ను అది, జనవరి వస్తే పెరుగుతుంది.

సీజన్ మొదట్లోనే కఫీల్ మా ఇద్దరినీ పిలిచి చెప్పేశాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు చెప్పాడు. "మీ ఇద్దరి ఇఖామాలు ఒకే నెలలో అయిపోతాయి. ఇద్దరి లెవీ నేను కట్టలేను. ఒకరిది రెన్యూ చేస్తాను, ఒకరిని ఎగ్జిట్ మీద పంపుతాను. ఎవరనేది సీజన్ చూసి చెప్తాను."

బయటికి వచ్చాక బావ ఒక్క మాటే అన్నాడు. "దేవుడు ఎట్ల రాసి పెడితె అట్ల. దీని గురించి మనిద్దరం మాట్లాడుకోవద్దు రాజేశం, మాట్లాడితె మనసులు ఖరాబైతయ్." ఆయన ఆ మాట మీద నిలబడ్డాడు. నేను నోటితో మాట్లాడలేదు కానీ లోపల అదే ఆలోచన. నీకు ఏదీ దాచకూడదని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు నుంచి బావ కంటే ముందు లేవడం మొదలుపెట్టాను. కఫీల్ కారు దుమ్ము దూరంగా కనిపిస్తే చాలు, పార చేతిలోకి తీసుకునేవాణ్ణి. నన్ను ఈ పనికి పిలిపించింది బావే. కఫీల్ దగ్గర నా గురించి పది సార్లు చెప్పి వీసా తీయించింది ఆయనే. నితాఖాత్ కొత్తగా వచ్చినప్పుడు రియాద్‌లో మా కంపెనీ ఎర్ర రంగులో పడి, నేను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి రెండేళ్ళు కూర్చున్న సంగతి నీకు తెలుసు. చాయ్ హోటల్‌కు పోతే "మల్ల ఎప్పుడు పోతున్నవ్?", పెళ్ళికి పోతే "మల్ల ఎప్పుడు పోతున్నవ్?" ఆ మాటకు భయపడి పొద్దంతా ఇంట్లోంచి బయటికి రాలేదు. నువ్వు అన్నం పెట్టి ఏడ్చావు. ఆ రెండేళ్ళు మళ్ళీ వస్తాయేమోనని నాకు వణుకు. కారణం చెప్తున్నాను అంతే, తప్పు ఒప్పవుతుందని కాదు.

ఇప్పుడు అసలు సంగతి.

మూడు వారాల కింద బుధవారం బావకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. మాత్ర వేసి, దుప్పటి కప్పి, రూములోనే పడుకోబెట్టి నేను ఒక్కణ్ణే పనికి పోయాను. మా దారి కింది చివర ఒక పల్లపు చోటు ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అక్కడ చిన్న దారి వేశాం, సాయంత్రం పని అయ్యాక సగం బండ్లు అక్కడే పెడతాం. పైన ఇసుక కానీ, జానెడు తవ్వితే మన చౌడు నేల లాంటి మన్ను. నీళ్ళు ఇంకవు. అందుకే బావ ఆ చోటుకు దిగువన ఇసుక ఎత్తు చేయకుండా నాలుగు అడుగుల ఖాళీ వదిలిపెట్టి ఉంచాడు. ఎందుకు వదిలాడని నేను ఎన్నడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఉత్తరాన మబ్బు పట్టింది. వారం రోజులు కష్టపడి చదును చేసిన ఇసుక కనిపిస్తోంది, పైన మబ్బు కనిపిస్తోంది. నాకు మన పొలమే గుర్తుకొచ్చింది అక్కా. మబ్బు చూస్తే మన నాయన ఏం చేసేవాడు? పార భుజాన వేసుకుని పొలం చుట్టూ తిరిగి, గట్టు తెగిన చోటల్లా మన్ను వేసి, నీళ్ళు పోయే మడవలు మూసి వచ్చేవాడు. నా చేతులు అదే పని చేశాయి. వాన వస్తే ఇసుకంతా కొట్టుకుపోతుంది, దిబ్బ వైపు తప్ప మిగతా చుట్టూ గట్టు వేస్తే నిలుస్తుంది అనుకున్నాను. ఉత్త ఇసుక గట్టు నిలవదని, కిందనున్న చౌడు మన్ను తవ్వి తీసి, పొరలు పొరలుగా వేసి, కాళ్ళతో తొక్కి, పార వెనక వైపుతో కొట్టి నున్నగా చేశాను. బావ వదిలిన ఖాళీ కూడా మూసేశాను. అంత చక్కటి గట్టు మన ఊళ్ళో కూడా ఎన్నడూ వేయలేదు. రేపు కఫీల్ చూసి, ఒక్కడివే ఇంత పని చేశావా అంటాడని నాలో నేను మురిసిపోయాను.

తెల్లవారేసరికి వాన దంచి కొట్టింది. రెండు గంటలు పడింది, ఆగింది. ఆ రెండు గంటల్లో పైదిబ్బల నీళ్ళన్నీ వచ్చి నా గట్టు లోపల చేరాయి. ఒక్క చుక్క బయటికి పోలేదు. గట్టు ఎక్కడా తెగలేదు, జారలేదు. మోకాలి పైదాకా నీళ్ళు, ఆ నీళ్ళలో పద్నాలుగు బండ్లు. ఇంజన్లలోకి నీళ్ళు పోయాయి. నాటు వేయడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు రాస్తుంటే నవ్వు వస్తోంది కానీ, ఆ పొద్దున అంగీ విప్పి చేతులతోనే నీళ్ళు తోడబోయాను.

ఆ రోజు గురువారం. వాన పడిందని జనం ఎన్నడూ లేనంత మంది వచ్చారు. వాళ్ళతోపాటే రుఖ్సాలు చూసేవాళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళ తప్పేమీ లేదు. పిల్లలు తిరిగే చోట అంత నీళ్ళుంటే ఎవరైనా ఆపేస్తారు. ఫోటోలు తీసి, కాగితం రాసి, రెండు వారాలు దారి మూసేయమన్నారు. ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ గిరాకీ ఉండే రెండు వారాలు అవి.

కఫీల్ మెల్లగా వచ్చి ఆ గట్టు మీదే నిలబడ్డాడు. చెప్పు కాలితో దాన్ని తన్ని చూశాడు, కదల్లేదు. "ఎవరు చేశారిది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి "అనా" అని వినిపించింది. అరబ్బీలో నేను అని అర్థం. దుప్పటి కప్పుకుని బావ వచ్చి నిలబడ్డాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ "అనా" అన్నాడు. కఫీల్ ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు, కారెక్కి పోయాడు.

రూముకు వచ్చాక ఆయన మీద అరిచాను. "గట్లెందుకు చెప్పినవ్ బావా? ఏసింది నేను!"

"ఎవలేసిన్రో నాకు ఎరుకనే. మన దిక్కోడు తప్ప ఈడ గసొంటి గట్టు ఎవడేస్తడు?" అని నవ్వాడు. దగ్గు వచ్చి ఆగాడు. "నాకు ఈడ పదారేండ్లయింది. నువ్వు అచ్చి రెండేండ్లు గాలేదు. మల్ల ఊళ్ళె కూసుంటె నువ్వు బతుకుతవా? పోయినసారి మీ అక్క ఫోన్ల రోజు ఏడ్సుడే. తమ్ముడు అన్నం తింటలేడు, తమ్ముడు మాట్లాడుత లేడు అని. ఆ ఏడుపు నేను మల్ల వినలేను రాజేశం. నాదేమున్నది, పోయి పసుపు తవ్వుకుంట."

అప్పుడే నేను కఫీల్ దగ్గరికి పోయి నిజం చెప్పాల్సింది. రేపు పోదాం అనుకున్నాను. ముందు నీళ్ళు తోడాలి, ఇంజన్లు విప్పాలి, అవి అయ్యాక పోదాం అనుకున్నాను. పని ఎప్పటికీ ఉంటుంది కదా. మూడు రోజులు గడిచాయి.

ఆదివారం పొద్దున కఫీల్ తానే మా రూముకు వచ్చాడు. చేతిలో బావ ఎగ్జిట్ కాగితాలు. మంచం అంచున కూర్చుని, బావను కాదు, నన్ను అడిగాడు. అరబ్బీ, హిందీ కలిపి నిదానంగా అడిగాడు. "బుధవారం రోజంతా ఈయన జ్వరంతో పడుకునే ఉన్నాడని మీ రూము ముందున్న చాయ్ బండి ఆయన చెప్పాడు. పడుకున్న మనిషి అంత గట్టు ఎలా వేశాడు? ఈ కాగితం మీద ఇంకా సంతకం పడలేదు, పేరు మార్చవచ్చు. నువ్వు చెప్పు, ఎవరు చేశారు?"

అక్కా, అంతకంటే సూటిగా ఎవరూ అడగరు. ఆ మనిషి నాకు దారి ఇచ్చాడు. బావ అప్పుడు గోడ వైపు తిరిగి, ఆరేసిన అంగీలు మడత పెడుతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నేను చెప్పేస్తానని అనుకున్నాడో, చెప్పనేమోనని అనుకున్నాడో నాకు తెలియదు. నాకు కళ్ళ ముందు చాయ్ హోటల్ బల్ల, దాని చుట్టూ కూర్చున్న ముఖాలు కనిపించాయి.

"మాఫీ మాలూమ్" అన్నాను. నాకు తెలియదు అని.

కఫీల్ "ఖలాస్", ఇక అయిపోయింది, అని లేచి, కాగితం బావ ముందు పెట్టి వేలు ముద్ర వేయించుకున్నాడు. బావ వేలికి అంటిన సిరా తువ్వాలకు తుడుచుకున్నాడు. కఫీల్ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి భుజం తట్టి "మంచిగ చెప్పినవ్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని అడగకు. రెండు వారాలు అయ్యాక దారి తెరిచారు, గాలికి సగం పూడిపోయింది, మళ్ళీ తెల్లవారుజామున దూలం లాగాం. ఎగ్జిట్ పడిన మనిషి పనికి రానక్కర్లేదు. అయినా వచ్చాడు. ఒకరోజు ఎక్కడి నుంచో రెండు పాత కారు టైర్లు, మిగిలిపోయిన సిమెంటు సంచి పట్టుకొచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "రేపటి సంది దూలం మీద ఎవలు నిలవడ్తరు? నువ్వు పికప్ నడపాలె, మల్ల నువ్వే నిలవడాలె. అయితదా?" అన్నాడు. టైర్లలో సిమెంటు, కంకర కలిపి పోసి, మధ్యలో కొక్కేలు పెట్టాడు. ఆరిపోయాక పికప్‌లో వేసుకుని పాత ఇనుము కొనే దుకాణానికి పోయి తూకం వేయించాడు. తానూ ఎక్కి తూగాడు. "నాకన్న రెండు కిలోలు ఎక్కువనే ఉన్నది. ఫికర్ వడకు, మంచిగనే కోస్తది" అని చెప్పాడు. నిన్న పొద్దున మొదటిసారి ఆ టైర్లు కట్టి నేనొక్కణ్ణే దారి లాగాను. ఆయన పక్కన నిలబడి చూసి, బాగుంది అన్నాడు. నాకు కళ్ళలో ఇసుక పడిందని చెప్పి పికప్ ఆపాను.

ఇప్పుడైనా కఫీల్ దగ్గరికి పోయి చెప్పవచ్చు కదా అని నువ్వు అనుకుంటావు. టికెట్ తీశారు, పాస్‌పోర్ట్ మీద ముద్ర పడింది. ఇప్పుడు చెప్పినా బావ ప్రయాణం ఆగదు. ఇప్పుడు చెప్పడం తేలిక. చెప్పాల్సినప్పుడు నోరు రాని వాణ్ణి, తేలికైనప్పుడు చెప్పి మంచివాడిని అనిపించుకోవడం నాకే అసహ్యంగా ఉంది.

నీతో కొన్ని పనులున్నాయి, కాదనకు. బావ వచ్చి "పానం విసిగింది, సాలని నేనే అచ్చిన" అంటాడు. ఆ మాటే అందరికీ చెప్పనివ్వు. నీకు తెలుసని ఆయనకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. వచ్చిన వారంలోపే జగిత్యాల తీసుకుపోయి దగ్గుకు డాక్టర్‌కు చూపించు. ఏమీ లేదని మొండికేస్తాడు, నువ్వు వినకు. ఈ ఏడు పసుపు తవ్వడానికి పోనివ్వకు, ఉడకబెట్టే దగ్గర పొగలోకి అసలే పోనివ్వకు. ఊళ్ళో ఎవరైనా ఎప్పుడు పోతున్నావని అడిగితే నువ్వే అడ్డం వచ్చి జవాబు చెప్పు. ఆ ప్రశ్న ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాత్రిళ్ళు ఒంటరిగా బయట కూర్చుంటే ఏమీ అనకుండా పక్కన కూర్చో. ఇక్కడ ఆయనకు అది అలవాటు.

నేను బాగానే ఉంటాను. వంట చేసుకుంటాను. వచ్చే నెల ఎండలు ముదిరితే గుడారాలు లేచిపోతాయి, పని తగ్గుతుంది. సుజాతకు ఇందులోని సంగతులు చెప్పకు, నేనే ఒకనాటికి చెప్పుకుంటాను. వీలైతే ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళ చేతికి కాసిన్ని జొన్నపిండి, ఎల్లిపాయ కారం పంపు. పంపబుద్ధి కాకపోతే వద్దు.

మీ అత్తకు నా దండాలు. శ్రావణికి దీవెనలు, బాగా చదువుకోమను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అక్కా, అంతా రాశాను, ఒక్క ముక్క దాచలేదు. పోలేదు. ఎప్పుడూ చివర్లో నీ దీవెన అడిగేవాణ్ణి, ఈసారి అడిగే ముఖం లేదు. తిట్టాలనిపిస్తే నీ చేత్తో రాసి పంపు, ఎన్ని కాగితాలైనా చదువుకుంటాను. ఆయన ఇంటి ముందు ఆటో దిగగానే మాత్రం ముందు ఆయన చేతిలో సంచి అందుకో. ఆ బరువు మోయాల్సింది నేను.

ఇట్లు,
నీ తమ్ముడినని రాసుకోవడానికి ఇంకా నీ ఒప్పుదల కావలసిన
రాజేశం